చెక్‌పోస్టులో రైలు దిగేవాళ్లు

షేక్‌పేటకు రైల్వే స్టేషన్ లేదు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అని పేపర్లలో రోజూ కనిపించే ఈ కొండప్రాంతమంతా రెవెన్యూ లెక్కల్లో మా షేక్‌పేట మండలమే. తెలుగు సినిమా తయారయ్యే ఈ కొండ దగ్గరికి 2019 దాకా ఏ రైలూ రాలేదు. వచ్చిన మెట్రో రైలు కూడా యూసుఫ్‌గూడ వైపు నుంచి ఎక్కి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర వంపు తిరిగి, పెద్దమ్మ గుడి మీదుగా మాదాపూర్‌లోకి దిగిపోయింది. ఫిల్మ్‌నగర్, షేక్‌పేట రెండూ దానికి ఎడమచేతి వైపు దూరంగానే ఉండిపోయాయి. షేక్‌పేటకు 2022 జనవరి 1న ఫ్లైఓవర్ వచ్చింది. రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. బండి ఉన్నవాళ్లు మా ఊరు మీదుగా ఆగకుండా వెళ్లిపోవడానికి అది బాగా పనికొస్తుంది.

ఒకప్పుడు ఇది మనుషులు ఆగే ఊరు. గోల్కొండకు వచ్చేపోయే వర్తకుల కోసం కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడ సరాయి కట్టించారు. లోపల ఆవరణ, దాని చుట్టూ వరసగా కమాను గదులు, గుర్రాలను కట్టేసే చోటు, పక్కన మసీదు. దూరం నుంచి నడిచొచ్చినవాడు కోట తలుపులు తెరిచేదాకా తల వాల్చడానికి ఒక జాగా. కట్టడం ఇప్పుడు శిథిలమైంది గానీ గదుల వరస చూస్తే లెక్క తెలుస్తుంది. వచ్చేవాడు ఎవడు, ఏ వేళకు వస్తాడు, వాడికి ఏం కావాలి అని ముందుగా ఆలోచించి కట్టిన కట్టడం అది. ఏ స్టేషన్‌నైనా నేను చూసేది ఆ కొలతతోనే.

మా సొంతూరు శంకర్‌పల్లి. నాయన రైల్వేలో కీమాన్. తెల్లారకముందే సుత్తె, స్పానరు, రెండు జెండాలు పట్టుకొని పట్టాల వెంట నడిచేవాడు. వదులైన కీ కనిపిస్తే ఒక దెబ్బ వేసి బిగించేవాడు, ఫిష్‌ప్లేట్ల బోల్టులు తడిమి చూసేవాడు. ఆ దెబ్బ చప్పుడును బట్టి పట్టా బాగుందో లేదో చెప్పేవాడు. తాత కూడా ఆ లైను మీదే గ్యాంగులో చేశాడు. ఇంట్లో దాన్ని నిజాం రైలు అనేవాళ్లు. తాత మాత్రం ఎప్పుడూ "కంపెనీ రైలు" అనేవాడట. నిజాం రాజ్యంలో కంపెనీ ఏమిటని చిన్నప్పుడు అడిగితే నాయన, "గదంతా లండన్ల నడిచిన యవ్వారం బిడ్డా, పైసలు మనయి, పెత్తనం ఆళ్లది" అన్నాడు. పెద్దయ్యాక ఆ చరిత్ర చదివితే నాయన ఒక్క మాటలో ఎంత సరిగ్గా చెప్పాడో అర్థమైంది.

బొంబాయి నుంచి మద్రాసు వైపు పోయే లైను హైదరాబాదును తాకకుండా వాడి మీదుగా రాయచూరుకు పోయింది. సికింద్రాబాదు కంటోన్మెంటును దానితో కలపాలని బ్రిటిష్ వాళ్లు పట్టుబట్టారు. దివాన్ సాలార్‌జంగ్ హయాంలో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, 1874లో వాడి నుంచి సికింద్రాబాదు దాకా రైలు పడింది. వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి, బేగంపేట అన్నీ ఆ దారిలోవే. దాన్ని బెజవాడ దాకా, బొగ్గు గనుల దాకా పొడిగించాలనుకున్నప్పుడు లండన్‌లో పెట్టుబడి సేకరించే ఏర్పాటు జరిగింది. అలా పుట్టింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ. పేరులోనే ఉంది గ్యారంటీ. లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడి మీద ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్లపాటు నిజాం ఖజానా నుంచి ఇస్తామని మాట. 1885లో లైను కంపెనీ చేతికి వెళ్లింది. 1888లో ఇల్లెందు బొగ్గు గనికి రైలు చేరింది, 1889లో బెజవాడకు.

ఈ ఒప్పందం మీద హైదరాబాదులో లేచిన గొడవను మన బడి పుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో రాయాలి. ఆ ఒప్పందానికి చాందా రైల్వే పథకం అని పేరు. షరతులేమిటో ప్రజలకు చూపించండి, ఎవరి డబ్బుకు ఎవరు హామీ ఉంటున్నారో చెప్పండి అని 1883లో కొందరు అడిగారు. వాళ్లలో ముఖ్యులు అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథ్ సరోజినీ నాయుడు తండ్రి, ఇక్కడి కాలేజీకి ప్రిన్సిపాల్. అడిగినందుకు ఆయన్ను ఉద్యోగం నుంచి తప్పించి రాజ్యం దాటించారు. తర్వాత తిరిగి రానిచ్చారు గానీ, హైదరాబాదులో జనం తరఫున సర్కారును నిలదీసిన మొదటి సందర్భాల్లో ఒకటి ఒక ప్రైవేటు రైలు లెక్కల గురించి కావడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

కంపెనీ రైలు ఎవరి కోసం వచ్చింది? సైన్యం కోసం, బొగ్గు కోసం, లండన్‌లో వాటాలు కొన్నవాళ్ల వడ్డీ కోసం. శంకర్‌పల్లి కూరగాయల గంప దాని లెక్కలో లేదు. అయినా రైలు ఆగింది కాబట్టి గంప ఎక్కింది. మా ఊరి ఆడవాళ్లు తెల్లవారుజామున పాసింజర్‌లో ఆకుకూరలు వేసుకొని పట్నం వెళ్లి, మధ్యాహ్నానికి వట్టి గంపలతో వచ్చేవాళ్లు. స్టేషన్ షెడ్డుకు పాత పట్టాలనే నిలువుగా పాతి స్తంభాలు చేశారు. వాటికి గంపలు ఆనించి నీడన కూర్చునేవాళ్లు. ఆ ఇనుము మీది ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాలను వేలితో తడుముతూ నేను అక్షరాలు నేర్చుకున్నాను.

1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం ఆ రైల్వేను కంపెనీ నుంచి కొనేసింది. రెండేళ్లకే, 1932లో, రైల్వే శాఖ బస్సులు కూడా మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. మన ఆర్టీసీకి మూలం అదే. అంటే హైదరాబాదులో బస్సు రైలుకు తోబుట్టువుగా పుట్టింది, ఇద్దరికీ ఒకే ఇంటి పేరు. తర్వాత 1951 నాటికి రైలు కేంద్రానికి వెళ్లింది, 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఇద్దరూ వేరు పడ్డారు. ఆ వేరు కాపురం ఫలితం ఈ నగరం ఇప్పటికీ అనుభవిస్తోంది. స్టేషన్ ఒకచోట, బస్టాపు ఇంకోచోట.

నేను సినిమాల్లోకి వచ్చింది కాస్ట్యూమ్స్ విభాగంలోకి. అమీర్‌పేటలో సారథి స్టూడియో అప్పటికే పాతబడింది. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు సినిమాగా చెప్పే 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో అక్కడే తయారైంది. అయినా పరిశ్రమ చాలాకాలం మద్రాసులోనే ఉండిపోయింది. నటులూ, నిర్మాతలూ ఒక్కొక్కరే కదిలారు. అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో బంజారాహిల్స్‌లో మొదలైంది. తర్వాత పద్మాలయా, ఆపైన రామానాయుడు స్టూడియోస్. సర్కారు స్థలాలిచ్చింది, రాళ్లు పగలగొట్టి ఫ్లోర్లు లేపారు, సినిమావాళ్ల సొసైటీకి ఫిల్మ్‌నగర్ వచ్చింది. కొండ మీద స్థలం పుచ్చుకున్న ప్రతివాళ్లకూ కారుంది. కాబట్టి రోడ్లు కార్లకు వేశారు. మలుపులు, ఎత్తులు, ఇరుకు వాలులు. నడిచేవాడికి పక్కన ఓ బారెడు దారి వదలాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

స్టూడియోలో పనిచేసేవాళ్లలో కారున్నవాళ్లు ఎందరు? మా విభాగం సంగతే చెప్తాను. కాస్ట్యూమ్ అసిస్టెంట్ పని షూటింగ్‌కు మూడు గంటల ముందు మొదలవుతుంది. రాత్రి ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు ఆర్టిస్టు పేరు, సీను నంబరు రాసిన గుడ్డముక్క పిన్నీసుతో గుచ్చి ట్రంకుపెట్టెలో వరసగా సర్దాలి. కొన్ని ఉతక్కూడదు. ఫైట్ సీను సగంలో ఆగితే, చిరిగి రంగు రక్తం మరకలతో ఉన్న చొక్కాను అలాగే మడతపెట్టి విడిగా మూట కట్టాలి. నెల తర్వాత మిగతా సగం తీసేటప్పుడు ఆ మరక అక్కడే ఉండాలి. కంటిన్యుటీ. ఆ మూట పోయిందంటే హీరోది ఎంత పెద్ద కాల్‌షీటైనా వృథానే. అలాంటి పెట్టెను శంకర్‌పల్లి పాసింజర్‌లో బేగంపేట దాకా, అక్కడి నుంచి సిటీ బస్సులో యూసుఫ్‌గూడ దాకా మోసిన రోజులున్నాయి. పెట్టెకు కూడా టికెట్టు కొట్టొద్దని కండక్టర్‌ను బతిమాలుకోవడం, ఆయన నవ్వి "డ్రైవర్ పక్కన పెట్టుకో తమ్మీ" అనడం మామూలు. యూసుఫ్‌గూడ నుంచి కొండెక్కడానికి కంపెనీ బండి దొరికితే దొరికినట్టు, లేకపోతే నెత్తిన పెట్టె, కాళ్ల కింద కొండ. సినిమా వాళ్ల భాషలో నిర్మాత ఆఫీసును కంపెనీ అంటారు. మా తాత కంపెనీకీ నా కంపెనీకీ నడుమ నేనూ, ఒక పాసింజర్ రైలూ.

పెళ్లయ్యాక షేక్‌పేటలో అద్దెకు దిగాను. అప్పుడు ఇక్కడ అద్దెలు మావంటివాళ్లకు అందేవి. మిగతావాళ్లంతా కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ. లైట్‌బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, ప్రొడక్షన్ బాయ్‌లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, ఆంధ్ర నుంచీ తెలంగాణ జిల్లాల నుంచీ ఒక్క బ్యాగుతో దిగిన కుర్రాళ్లు. తెల్లవారుజామున కృష్ణానగర్ మెయిన్ రోడ్డు మీద నిలబడితే చాలు, తెలుగు సినిమా మొత్తం టీ తాగుతూ కనిపించేది.

సినిమా స్టూడియో పక్కన రైలుంటే ఎలా ఉంటుందో నాకు తెలిసింది జపాన్ గురించి చదివాక. కురొసావా సినిమాల మీద నాకు ఇష్టం ఎక్కువ. ఆ గుడ్డలు, ఆ బురద, ఆ చిరుగులు చూస్తే కాస్ట్యూమ్స్ మనిషికి కడుపు నిండుతుంది. 'సెవెన్ సమురాయ్' తీసిన తోహో కంపెనీ చరిత్ర వెతుక్కుంటూ పోతే దాని మూలపురుషుడు ఒక రైల్వే ఆసామి అని తేలింది. కొబయాషి ఇచిజో. ఒసాకా దగ్గర 1910లో ఒక చిన్న ప్రైవేటు విద్యుత్ రైలు నడపడం మొదలుపెట్టాడు. పొలాల మధ్య నుంచి పోయే లైను. ఎక్కేవాళ్లు లేరు. ఆయన ఏం చేశాడంటే, లైను పక్కన స్థలాలు కొని, ఇళ్లు కట్టి, వాయిదాల మీద చిన్న ఉద్యోగులకు అమ్మాడు. వాళ్లు పొద్దున ఊళ్లోకి పనికి వెళ్తారు, సాయంత్రం వస్తారు. పగలు ఖాళీగా తిరిగే రైలు నింపడానికి లైను చివర తకరజుకాలో ఆడపిల్లల నాటకసమాజం పెట్టాడు. 1914లో మొదటి ప్రదర్శన. పట్నం వైపు కొసన ఉమెదా స్టేషన్‌లోనే 1929లో పెద్ద బట్టల, సరుకుల దుకాణం తెరిచాడు. 1932లో తోక్యోలో నాటకశాల కంపెనీ పెట్టాడు. అదే తర్వాత తోహో అయింది.

ఆ తోహో స్టూడియో ఉన్నది తోక్యో శివారులో, సెయిజో దగ్గర. అక్కడి స్టేషన్ ఒదక్యూ అనే ఇంకో ప్రైవేటు లైను మీదిది. 1927 ఏప్రిల్ 1న లైనూ స్టేషనూ ఒకేరోజు తెరిచారు. దానికి రెండేళ్ల ముందే ఒక బడి అక్కడికి మారి, చుట్టూ స్థలాలు ప్లాట్లు వేసి అమ్మి, స్టేషన్‌కు తన పేరే పెట్టించుకుంది. ముందు బడి, ఆ పక్కనే స్టేషన్, ఆ పైన ఇళ్లు, అయిదారేళ్లకు సినిమా స్టూడియో. నటులూ, దర్శకులూ ఆ చుట్టుపక్కలే ఇళ్లు కట్టుకున్నారు. పనివాళ్లు రైలు దిగి నడిచి వెళ్లేవాళ్లు.

ఆ ప్రైవేటు కంపెనీలకూ లాభమే కావాలి, సందేహం లేదు. కొబయాషి ధర్మకర్త కాదు. అయితే ఆయన లాభం ప్రయాణికుడి ఇంటితో, బడితో, సాయంత్రపు వినోదంతో ముడిపడి ఉంది. రైలు కిక్కిరిసినా, ఆలస్యమైనా ఆయన అమ్మిన ఇళ్ల ధర పడిపోతుంది. మా కొండ మీద వరస తలకిందులైంది. ముందు ఇళ్లు, తర్వాత స్టూడియోలు, తర్వాత కార్లు. అరవై ఏళ్ల కిందటి హౌసింగ్ సొసైటీ ప్లాట్లన్నీ పంచేసుకున్న తర్వాత, స్టూడియోలు వెలిసిన నలభై ఏళ్ల తర్వాత రైలు వచ్చింది. అప్పటికి పట్టా వేయడానికి రోడ్డు నడిమధ్య డివైడర్ తప్ప జాగా మిగల్లేదు.

నడుమ ఎం.ఎం.టి.ఎస్. వచ్చింది, 2003 ఆగస్టు 9న. కేంద్ర రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు పంచుకొని పాత నిజాం లైను మీదే లోకల్ రైళ్లు నడిపాయి. లింగంపల్లి నుంచి బేగంపేట దాకా మా నాయన నడిచిన పట్టాలే. బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్‌లకు కొత్త ప్లాట్‌ఫారాలు. మంచి పని. కొండకు మాత్రం అది చుట్టం కూడా కాలేదు.

మెట్రో కథ 2008లో మొదలు. మొదట టెండరు దక్కింది మేటాస్ నాయకత్వంలోని కూటమికి. మిగతావాళ్లు ప్రభుత్వం మాకింత ఇవ్వాలని అడుగుతుంటే, ఆ కూటమి తానే ప్రభుత్వానికి 35 ఏళ్లలో 30,311 కోట్ల రూపాయలు ఇస్తానంది. రైలు నడిపి ఎవరూ అంత సంపాదించలేరు. ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ఇందులో రైలు కన్నా భూముల ఆశ ఎక్కువగా కనబడుతోందని ఆయన అనుమానం. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద కేసు వేస్తామంది. 1883లో లెక్కలు చూపించమన్న అఘోరనాథ్‌ను రాజ్యం దాటించినవాళ్లే నాకు గుర్తొచ్చారు. తర్వాత నాలుగు నెలలకు, 2009 జనవరి 7న, తన కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. మేటాస్ ఆ కుటుంబానిదే. ఆ జూలైలో ఒప్పందం రద్దయింది.

2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం. మూడు లైన్లు, 70 కిలోమీటర్లకు పైగా. కట్టడం, నడపడం రెండూ కంపెనీవే. ఆదాయంలో సగం టికెట్ల మీద, మిగిలినదాంట్లో చాలాభాగం స్టేషన్ల దగ్గర, డిపోల దగ్గర ఇచ్చిన 269 ఎకరాల మీద కట్టే మాల్స్, ఆఫీసుల అద్దెల మీద రావాలని అంచనా. కొబయాషి పద్ధతే అన్నట్టు కనబడుతుంది. తేడా ఎక్కడంటే, ఆయన రైలెక్కేవాళ్లకు ఇళ్లు కట్టాడు. ఇక్కడ కట్టినవి మాల్స్. మాల్‌కు వచ్చేవాడికి కారు ఉంటుంది. పైగా టికెట్లు అనుకున్నంత అమ్ముడుపోలేదు, కరోనా వచ్చింది, అప్పు పెరిగింది.

2017 నవంబరు 28న ప్రధాని మియాపూర్‌లో ప్రారంభించారు. మా వైపు, అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ ముక్క 2019 మార్చి 20న తెరిచారు. రైలు కొండ మీదికి ఎక్కింది గానీ చెక్‌పోస్టులో ఆగలేదు. స్టేషన్ ఇంకా సిద్ధం కాలేదు. హైటెక్ సిటీ కొసన రైళ్లు లైను మారి తిరిగే ఏర్పాటు కూడా అప్పటికి లేదు. అందుకని చెక్‌పోస్టు నుంచి హైటెక్ సిటీ దాకా ఏ పట్టా మీద వెళ్లిన రైలు ఆ పట్టా మీదే వెనక్కి వచ్చేది. ఒకటి వెళ్లి రావాలి, తర్వాతే రెండోది వెళ్లాలి. నాయన ఉంటే ఈ సంగతి విని రోజంతా దాని గురించే మాట్లాడేవాడు. సింగిల్ లైను మీద ఎదురు బండి కోసం ఆగడమే ఆయన ఎరిగిన రైల్వే. మే నెలలో చెక్‌పోస్టు స్టేషన్ తెరిచారు. నవంబరులో లైను రాయదుర్గం చేరింది.

ఈ లైను ఎవరి కోసం వేశారో దాచుకోవాల్సిన పని లేదు. 1998లో సైబర్ టవర్స్ కట్టిన నాటి నుంచి మాదాపూర్ ఆఫీసులకు మనుషులను చేర్చడమే ఈ నగరం తలనొప్పి. రైలు వాళ్ల కోసం వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి మెడలో ఐడీ కార్డుతో నిలబడే పిల్లలతో పెట్టెలు నిండిపోతాయి. అయినా శంకర్‌పల్లిలో గంపలు ఎక్కినట్టే, ఇక్కడా ఎవరి లెక్కలోనూ లేనివాళ్లు ఎక్కుతున్నారు.

యూసుఫ్‌గూడ స్టేషన్‌లో, రోడ్ నంబర్ 5 స్టేషన్‌లో వాళ్లను నేను ఇట్టే గుర్తుపడతాను. జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్ల భుజాన పెద్ద సంచి ఉంటుంది. దాంట్లో రెండు చీరలు, మ్యాచింగ్ జాకెట్లు, రెండు జతల చెప్పులు, పిన్నీసుల డబ్బా, చిన్న అద్దం, టిఫిన్ బాక్సు. గుంపు సీన్లకు బట్టలు సొంతంగా తెచ్చుకోమంటారు కాబట్టి సంచి బరువు చూసి సీను ఏమిటో చెప్పవచ్చు. ఒకసారి బాగా బరువుగా సంచి మోస్తున్న తెలిసిన ఆవిడను పలకరించాను.

"ఏం అక్కా, పెళ్లి సీనా?"

"పెళ్లి, దినం రెండూ అన్నా. పొద్దున పట్టుచీర, మాపు తెల్లచీర. ఏజెంటు రెండూ తెమ్మన్నడు, బేటా ఒక్కటే."

రైల్లో ఆవిడ పట్టుచీర అంచు సంచిలోంచి బయటికి వస్తే, పక్కన కూర్చున్న ఐటీ అమ్మాయి లోపలికి సర్ది, "ఆంటీ, ముడత పడుతుంది" అని సంచిని తన ఒళ్లోకి తీసుకుంది. బట్ట విలువ తెలిసిన చెయ్యి అది. చెక్‌పోస్టులో ఆవిడ దిగింది. కింద ఆటోవాళ్లు "ఫిల్మ్‌నగర్, ఫిల్మ్‌నగర్" అని కేకేస్తున్నారు. నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నారు. మెట్రో టికెట్టు కన్నా ఆ చివరి రెండు మూడు కిలోమీటర్ల ఆటోకే ఎక్కువ ఖర్చయ్యే రోజులున్నాయి. బస్సూ రైలూ ఒకే ఇంట్లో పుట్టిన ఊళ్లో, స్టేషన్ మెట్ల కింద ఫిల్మ్‌నగర్ కొండెక్కే చిన్న బస్సు సిద్ధంగా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

చిత్రపురి కాలనీ సంగతి కూడా చెప్పాలి. సినీ కార్మికులకు సొంత ఇళ్లుండాలని నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి గారు పట్టుబట్టి సాధించిన 67 ఎకరాలు, మణికొండ పక్కన. కృష్ణానగర్ అద్దె గదుల్లో వయసు కరగదీసుకున్న చాలామంది ఇప్పుడు అక్కడ ఉంటున్నారు. కొబయాషి అయితే అలాంటి కాలనీ కనబడగానే మొదట స్టేషన్ ఎక్కడ పెట్టాలో గీసేవాడు. మనవాళ్లు రాయదుర్గంలో దిగి అక్కడి నుంచి ఆటో ఎక్కాలి. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి ఎక్స్‌ప్రెస్ మెట్రో అని శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, దారీ మారింది. విమానం ఎక్కేవాళ్ల గురించి జరిగినంత చర్చ చిత్రపురి గురించి ఎక్కడా వినలేదు.

2025 సెప్టెంబరులో ఇంకో మలుపు. మెట్రో మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వం తన చేతికి తీసుకునేందుకు ఎల్ అండ్ టీతో అంగీకారానికి వచ్చింది. సుమారు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తినేసుకోవాలి, కంపెనీ వాటాకు సుమారు 2,000 కోట్లు చెల్లించాలి. 1930లో జరిగిందే ఇంకో రూపంలో మళ్లీ జరుగుతోంది. కంపెనీ కట్టిన, లేదా కంపెనీ నడిపిన రైలును చివరికి సర్కారు కొనడం. అప్పుడు కొన్న రెండేళ్లలో 27 బస్సులు రైలుకు తోడుగా రోడ్డెక్కాయి. ఇప్పుడేం చేస్తారో అడగాల్సిన సమయం ఇదే. అడిగితే రాజ్యం దాటించే రోజులు పోయాయి కదా.

నేనడిగేది పెద్దదేం కాదు. మొదటి రైలు పొద్దున ఆరింటికి కదులుతుంది. నాగోలు, ఉప్పల్, హబ్సిగూడ వైపు ఇప్పుడు చాలామంది లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు ఉంటున్నారు. కృష్ణానగర్ అద్దెలు భరించలేక అటు వెళ్లినవాళ్లు. అక్కడి నుంచి చెక్‌పోస్టుకు ముప్పావు గంట, ఆపైన ఆటో. ఏడింటి కాల్‌షీటుకు మేకప్, కాస్ట్యూమ్స్ ఆరింటికల్లా ఫ్లోర్‌లో ఉండాలి. అందుకే వాళ్లు చీకట్లో బైకుల మీద, ఇద్దరిద్దరు, ముగ్గురేసి, పెట్టె ముందు పెట్టుకొని ఇంత దూరం వస్తున్నారు. మొదటి బండి నాలుగున్నరకు కదిలితే వాళ్లంతా రైలెక్కుతారు. రాత్రి పట్టాలు చూసుకునే పనికి కొంత వ్యవధి కావాలని కీమాన్ కొడుకుగా నాకు తెలుసు. రోజూ కుదరకపోతే షూటింగులు ఎక్కువగా ఉండే నెలల్లోనైనా, నాగోలు నుంచి రాయదుర్గం లైనులోనైనా, ఒక్క బండి ముందుగా నడిపి చూడాలి. చెక్‌పోస్టు కింద ఆ వేళకు ఒక చిన్న బస్సు, ఫిల్మ్‌నగర్ మీదుగా షేక్‌పేట దాకా. సినీ కార్మికుల యూనియన్ ఈ రెండూ రాసి అర్జీ పెడితే మొదటి సంతకం నేను చేస్తాను.